తాళపుచెవిని అప్పగించు దినము

ధ్యాన భాగములు: లేవీయకాండము 25:23, యిర్మీయా 29:4–11, అపొస్తలుల కార్యములు 28:30, 31

ప్రతి పాత ఇంటికిని రెండు చరిత్రలు కలవు. మొదటిది గోడల చరిత్ర: ఎవరు కట్టించిరి, ఏ యేట కట్టించిరి, ఎంత వ్యయమాయెను అను లెక్క. రెండవది ఆ గోడల నడుమకు వచ్చి, కొంతకాలముండి, వెడలిపోయిన మనుష్యుల చరిత్ర. మొదటి చరిత్ర కాగితములపై దొరకును. రెండవది దేవుని సన్నిధిలో తప్ప మరెక్కడను పూర్తిగా వ్రాయబడియుండదు. ఆ ఇంట ఎవరు ఏడ్చిరో, ఎవరు ప్రార్థించిరో, ఏ రాత్రి ఏ తల్లి జ్వరముతోనున్న బిడ్డ ప్రక్కను మేలుకొనియుండెనో గోడలు చెప్పలేవు.

జార్ఖండు రాష్ట్రములోని జంషెడ్‌పూరు పట్టణములో ఈ రెండవ చరిత్ర మిక్కిలి స్పష్టముగా కనబడును. అచ్చట వేలాది కుటుంబములు తమ జీవితమంతయు గడపిన ఇండ్లు వారి స్వంతము కావు. అవి కంపెనీ క్వార్టర్లు. ఉద్యోగముతోకూడ ఇల్లు వచ్చును, ఉద్యోగము ముగిసిన పిమ్మట ఇల్లు విడువవలెను. గుమ్మముప్రక్కనున్న పేరుపలక తీసివేయబడును, మరియొక పేరుపలక కట్టబడును. ఒక్క ఇంటిలోనే ఒకరి తరువాత ఒకరుగా ఎన్నో కుటుంబములు కాపురముండి వెడలిపోయిన ఇండ్లు ఆ పట్టణములో వీధివీధినను కలవు. ఈ ఇండ్లు విశ్వాసికి చెప్పు మాట ఒకటి కలదు: ఈ లోకములో మనుష్యుడు యజమానుడు కాడు, కాని బాధ్యత లేని బాటసారియు కాడు. తాళపుచెవిని ఒకరియొద్దనుండి పుచ్చుకొని, మరియొకరికి అప్పగింపవలసిన నివాసి అతడు.

కట్టదలచినవాడు కాపురముండలేదు

ఆ పట్టణమును మొదట మనస్సులో కట్టినవాడు జంషెట్జీ టాటా. ఆయన 1839లో నవసారిలో పుట్టిన పారసీకుడు. ఇనుమును ఉక్కును తయారుచేయు గొప్ప కర్మాగారము ఈ దేశములో నెలకొల్పవలెనని ఆయన ఆశించెను. 1902లో విదేశమునుండి తన కుమారుడైన దొరాబ్జీకి వ్రాసిన ఉత్తరములో, కార్మికుల కొరకు కట్టబోవు పట్టణము ఎట్లుండవలెనో తెలియజేసెను. వీధులు విశాలముగా నుండవలెననియు, వాటివెంబడి త్వరగా ఎదిగి నీడనిచ్చు చెట్లు నాటవలెననియు, తోటలకును ఆటస్థలములకును చోటు విడువవలెననియు, హిందువుల దేవాలయములకును మహమ్మదీయుల మసీదులకును క్రైస్తవుల ఆలయములకును స్థలములు ప్రత్యేకింపవలెననియు ఆయన కోరెను. అప్పటికి కర్మాగారము ఎచ్చట కట్టవలెనో కూడ నిర్ణయము కాలేదు.

1904 మే 19న జర్మనీలో ఆయన కన్నుమూసెను. టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో స్థాపింపబడెను. సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలియు చోటునకు దాపుననున్న సాక్చి గ్రామములో 1908లో పని ఆరంభమాయెను. 1911 డిసెంబరులో మొదటి ఇనుము కరిగి ప్రవహించెను. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మె పోతపోయబడెను. 1919లో రాజప్రతినిధియైన లార్డు చెమ్స్‌ఫర్డు ఆ ఊరికి స్థాపకుని పేరట జంషెడ్‌పూరు అని పేరుపెట్టెను. కాలిమాటి అను రైలుస్టేషను టాటానగరు ఆయెను. నీడనిచ్చు చెట్లను గూర్చి వ్రాసినవాడు ఆ నీడలో ఒక్కదినమైనను కూర్చుండలేదు.

దావీదు దేవునికొక మందిరము కట్టవలెనని మనస్సున నిశ్చయించుకొనెను. బంగారమును, వెండిని, ఇత్తడిని, ఇనుమును, దేవదారు మ్రానులను విస్తారముగా సమకూర్చెను. కాని కట్టు భాగ్యము కుమారుడైన సొలొమోనుకు దక్కెను (1 దినవృత్తాంతములు 22). దావీదు అందుకు గొణుగలేదు. తాను చూడబోని గోడలకొరకు రాళ్లు చెక్కించుట వ్యర్థమని తలంచలేదు. తన కన్నులు చూడని మేలుకొరకు ప్రయాసపడువాడే నిజమైన దాత. తాను కూర్చుండబోవు నీడకొరకే చెట్టు నాటువాడు తోటమాలి యగునుగాని దాత కాడు. విశ్వాసి తన సంఘమునకును, తన పిల్లలకును, తన వీధికిని చేయు సేవలో తాను చూడనిది ఎంత కలదో ఆలోచించుకొనవలెను.

ముందుండినవారిని మరువరాదు

అయితే ఆ స్థలము శూన్యముగా నుండి, మొదటి ఇటుకతోనే దాని చరిత్ర ఆరంభమాయెనని తలంచుట సత్యము కాదు. సింగ్‌భూమ్ జిల్లాలోని ధాల్‌భూమ్ ప్రాంతములో సంతాలులు, హో జనులు, భూమిజులు తరతరములుగా నివసించిరి. సాక్చి, బెల్డీ, కద్మా, సోనారి, గోల్‌మురి, జుగ్‌సలాయి అనునవి నేడు పట్టణపు పేటల పేర్లు. సాక్చియు దాని చుట్టుపట్లనున్నవియు అంతకుముందు పల్లెలు. పల్లెలు పోయినను పేర్లు మిగిలినవి. ఆదివాసుల భూములు అన్యాక్రాంతము కాకుండ కాపాడుటకు ఛోటానాగపూరు కౌలుదారీ చట్టము వెలువడినది కూడ 1908లోనే. ఒకచేత భూమిని కాపాడు శాసనము, మరియొకచేత భూమిని తీసికొను అవసరము ఒక్క సంవత్సరములోనే ఆ సీమను తాకినవి.

నాబోతు తన ద్రాక్షతోటను అహాబునకు ఇయ్యనొల్లనిది ధర తక్కువయని కాదు, అది తన పితరుల స్వాస్థ్యమని (1 రాజులు 21). అహాబువలె రక్తము చిందించి తీసికొనుట వేరు, చట్టముచొప్పున వెలయిచ్చి తీసికొనుట వేరు. ఈ భేదమును న్యాయముగా ఒప్పుకొనవలెను. అయినను పితరులు దున్నిన నేలను విడిచిపోవువాని దుఃఖమునకు ఏ వెలయు సరిపోదు. ఆ పట్టణములో స్థిరపడిన విశ్వాసులు ఈ సంగతిని మనస్సున నుంచుకొనవలెను. తమకు ముందుండినవారి సంతానము తమ ఇంటిలో పాచిపనికి వచ్చినప్పుడు, తమ తోటలో మన్ను త్రవ్వినప్పుడు వారితో మాటలాడు తీరులో గౌరవముండవలెను. ఈ గుమ్మములో ఎవరు పరదేశియని దేవుడు అడిగినయెడల జవాబు చెప్పుట సులభము కాదు.

ఒక్క గుమ్మము, అనేక పేర్లు

కర్మాగారము నిలిచిన తొలి సంవత్సరములలో బ్లాస్టు ఫర్నేసులయొద్ద అమెరికా దేశస్థులును, ఉక్కు కొలుములయొద్ద జర్మనులును, ఉక్కును సాగదీయు మిల్లులయొద్ద ఆంగ్లేయులును ప్రధానులుగా నుండిరి. వారికొరకు పట్టణపు ఉత్తర భాగమున విశాలమైన బంగళాలు కట్టబడెను. 1914లో ప్రపంచయుద్ధము రాగా జర్మనుల స్థానము పోయెను. పిమ్మట క్రమక్రమముగా భారతీయులు పని నేర్చి, విదేశీయుల స్థానములలోనికి వచ్చిరి. 1938లో జహంగీరు గాంధీ జనరల్ మేనేజరు పదవిని పొందిన మొదటి భారతీయుడాయెను. పేరుపలకపై భాషలు మారినవి, ఇటుకలు మారలేదు.

బంగళాలకు దూరముగా కార్మికుల క్వార్టర్లు వరుసలు వరుసలుగా లేచెను. అట్టి చిన్న క్వార్టరు నొకదానిని చదువరి తన మనస్సున నిలుపుకొనవచ్చును. రెండు గదులు, ఒక వంటచోటు, వెనుక కొంచెము పెరడు. తూర్పుకనుమల అవతలనుండి వచ్చిన కుటుంబము వెళ్లగా గంగాతీరపు కుటుంబము వచ్చును. అది వెళ్లగా పంజాబునుండియో, వంగదేశమునుండియో, ఒరిస్సానుండియో మరియొకటి వచ్చును. ఒకరు నాటిన జామచెట్టు కాయలను వేరొకరి పిల్లలు కోసికొందురు. ఒకరు కొట్టిన మేకుకు మరియొకరు తమ క్యాలెండరు తగిలించుకొందురు.

ఇల్లు కదలకుండనే దాని చుట్టునున్న రాజ్యములు కూడ మారినవి. 1908లో ఆ స్థలము బెంగాలులో నుండెను. 1912లో బీహారు ఒరిస్సా రాష్ట్రములోనికి, 1936లో బీహారులోనికి చేరెను. 2000 నవంబరు 15న జార్ఖండులోనిదాయెను. చక్రవర్తి పోయెను, స్వాతంత్ర్యము వచ్చెను. ఒక గుమ్మము ఇన్ని మార్పులను చూచియుండగా, దానిలో ముప్పది సంవత్సరములుండిన మనుష్యుడు ఇది నాదని ఎట్లు అతిశయింపగలడు? తొంబదవ కీర్తనలో మోషే నరుల ఆయుష్కాలమును లెక్కించుటకుముందే, తరతరములకు నివాసస్థలముగా నుండువాడు దేవుడేయని ఒప్పుకొనెను. నివాసులు మారుదురు, నివాసము మారదు. ఆ నివాసము ఇటుకలది కాదు.

తాము త్రవ్వని బావులు

తూర్పుతీరపు రైలుమార్గము ఉత్తర కోస్తానుండి అనేకులను ఆ పట్టణమునకు చేర్చెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలనుండి తెలుగువారు ఖరగ్‌పూరు మీదుగా టాటానగరు చేరిరి. కొలుముల వేడిలో పనిచేసి, క్వార్టర్లలో కాపురములు పెట్టి, తమ పిల్లలకు తెలుగు అక్షరములు దిద్దించిరి. బిష్టుపూరు, కద్మా, సోనారి, గోల్‌మురి పేటలలో తెలుగు మాట వినబడసాగెను. వారు విడిచివచ్చిన సీమలోనే పంతొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున కెనడా బాప్తిస్టు మిషనరీలు సువార్త ప్రకటించియుండిరి. ఆ విత్తనము మొలకెత్తిన ఇండ్లనుండి పనికై వలసపోయినవారు తమ ఇనుపపెట్టెలో తెలుగు బైబిలును, కీర్తనల పుస్తకమును పెట్టుకొని పోవుట సహజమే.

అట్లు వచ్చినవారికి సిద్ధముగానున్న మేలులు అనేకములు. ఎనిమిది గంటల పనిదినము ఆ కర్మాగారములో 1912లోనే అమలుకు వచ్చెను. దేశమంతటికిని శాసనముగా అది స్థిరపడినది 1948 ఫ్యాక్టరీల చట్టముతో. ఉచిత వైద్యము 1915లో, ప్రావిడెంటు ఫండు 1920లో, పనివిరమణ గ్రాట్యుటీ 1937లో వచ్చెను. కార్మికుల పక్షమున కొందరు పోరాడిరి కూడ. దీనబంధువని పేరుపొందిన క్రైస్తవ సేవకుడు సి. ఎఫ్. ఆండ్రూసు 1920వ దశకములో జంషెడ్‌పూరు కార్మిక సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. 1925 ఆగస్టులో గాంధీజీ ఆ పట్టణమునకు వచ్చి కార్మికులతో మాటలాడెను. తరువాత సుభాస్ చంద్రబోసు ఆ సంఘపు నాయకత్వమును వహించెను. తరువాతి తరమువారు ఈ మేలులను జీతపు కాగితముపై ఒక పంక్తిగా చూచిరి. దాని వెనుకనున్న ప్రయాసను చూడలేదు.

ఇశ్రాయేలీయులు కనానులో ప్రవేశింపకముందే మోషే వారిని హెచ్చరించెను. తాము కట్టని పట్టణములు, తాము నింపని ఇండ్లు, తాము త్రవ్వని బావులు, తాము నాటని తోటలు వారికి దొరకబోవుచున్నవి. తిని తృప్తిపొందిన దినమున దేవుని మరచిపోవుటయే వారికి కలుగబోవు పెద్ద అపాయము (ద్వితీయోపదేశకాండము 6:10–12). ఆకలిలో దేవుని పిలుచుట సులభము. నిండిన ఇంటిలో ఆయనను జ్ఞాపకముంచుకొనుట కష్టము. క్వార్టరులో దీపము వెలిగించినప్పుడు, కుళాయి త్రిప్పినప్పుడు, చెట్టునీడను నడచినప్పుడు, వీటిలో తాను కలుగజేసినది ఏదియని విశ్వాసి తన్నుతాను ప్రశ్నించుకొనుట మేలు. ఆ ప్రశ్నయే కృతజ్ఞతకు తలుపు.

రెండు పాపములు

తనది కాని ఇంటిలో నివసించువానికి రెండు శోధనలు ఎదురగును. మొదటిది నిర్లక్ష్యము. ఇది నాది కాదు గదా, ఎట్లుపోయిన నాకేమి అని అతడు తలంచును. పైకప్పు కారుచున్నను చూడడు. పెరటిలో చెత్త పేర్చును. పొరుగువానితో తగవులాడి, బదిలీయైనచో ముగిసిపోవునని సరిపెట్టుకొనును. ఇట్టివానిని దేవుడు బబులోనులోని చెరవారికి పంపిన ఉత్తరముచేత గద్దించుచున్నాడు. నెబుకద్నెజరు వారిని యెరూషలేమునుండి కొనిపోయెను. వారు మూటలు విప్పక, రేపో మాపో తిరిగిపోదుమని కూర్చుండిరి. యిర్మీయా వారికి వ్రాసినదేమనగా, అచ్చటనే ఇండ్లు కట్టుకొని కాపురముండవలెను, తోటలు నాటి ఫలములు తినవలెను, కుమారులకును కుమార్తెలకును పెండ్లిండ్లు చేయవలెను, ఆ పట్టణపు క్షేమముకొరకు ప్రార్థింపవలెను. ఆ ఉత్తరములోనే డెబ్బది సంవత్సరముల గడువు కూడ చెప్పబడెను. విడువవలసిన దేశములోనే తోట నాటుమని దేవుడు ఆజ్ఞాపించెను. గడువున్నదని చెప్పి చెట్టు నాటుట మానవద్దని దాని భావము. 1964లోను 1979లోను జంషెడ్‌పూరులో మతకలహములు రేగి ప్రాణనష్టము కలిగెను. పట్టణపు క్షేమముకొరకు ప్రార్థించుట అలవాటుమాట కాదని, పొరుగువాని ప్రాణముతో ముడిపడిన విధియని ఆ దినములు నేర్పినవి.

రెండవ శోధన ఆక్రమణ. ఇంతకాలముంటిని గనుక ఇది నాదే, నన్నెవరు కదల్తురు అని మనుష్యుడు తలంచును. గడువు తీరినను తాళపుచెవి ఇయ్యడు. వచ్చువాడు ఎచ్చటనో పిల్లలతో ఎదురుచూచుచున్నాడని ఎరిగియు సాకులు వెదకును. యెషయా దినములలో షెబ్నా అను గృహనిర్వాహకుడుండెను. రాజు ఇంటి పెత్తనము అతనికి అప్పగింపబడియుండగా, అతడు అది తనకు శాశ్వతమన్నట్లు ఎత్తయిన చోట సమాధిని తొలిపించుకొనెను. దేవుడు అతనిని ఆ స్థానమునుండి త్రోసివేసి, తాళపుచెవిని ఎల్యాకీము భుజముమీద ఉంచెదనని సెలవిచ్చెను (యెషయా 22:15–22). తాళపుచెవి అధికారమునకు గురుతు. కాని అది ఎవరిచేతిలోను పుట్టలేదు, ఎవరిచేతిలోను నిలువదు.

సంఘములలో కూడ షెబ్నాలు కలరు. ఒక పదవిని, ఒక కమిటీని, ఒక ప్రసంగపీఠమును గడువు తీరినను విడువనివారు కలరు. క్వార్టరును ఆక్రమించుకొనినవానిని దూషించు విశ్వాసి, సంఘములో తాను ఆక్రమించుకొనినది ఏదైన కలదేమోయని మొదట పరీక్షించుకొనవలెను.

పట్టణమే కౌలునకు

అద్దెయింటివాడు యజమానునివైపు చూచి అసూయపడవచ్చును. కాని జంషెడ్‌పూరు భూమి కథ ఇంకను లోతుగా బోధించును. బీహారు భూసంస్కరణల చట్టము 1950లో వచ్చిన పిమ్మట కంపెనీచేతనున్న ఆ భూమి ప్రభుత్వపరమాయెను. కంపెనీ దానిని కౌలుదారుగా అనుభవింపవలసివచ్చెను. 1985లో కుదిరిన ఒడంబడిక 1956 జనవరి 1 నుండి 40 సంవత్సరములకు లెక్కింపబడెను. 2005లో జార్ఖండు ప్రభుత్వముతో తిరిగి కుదిరిన ఒడంబడిక 1996 జనవరి 1 నుండి 30 సంవత్సరములకు, అనగా 2025 సంవత్సరాంతము వరకు. కార్మికుడు కంపెనీ ఇంటిలో కాపురముండెను, కంపెనీ ప్రభుత్వపు నేలపై నిలిచెను. ప్రభుత్వములైనను ఐదేండ్లకొకసారి ప్రజలయొద్దకు వచ్చి తమ గడువు అడుగుకొనవలసినవే. గొలుసు ఎచ్చటికి పోవును? లేవీయకాండము 25:23లో దేవుడే జవాబు చెప్పెను. భూమి తనదనియు, ఇశ్రాయేలీయులు తనయొద్ద పరదేశులుగాను కాపురస్థులుగాను ఉన్నారనియు, కాబట్టి దానిని శాశ్వతముగా అమ్మకూడదనియు ఆయన సెలవిచ్చెను. పరదేశులే యైనను ఆయనయొద్దనున్నారు. ఆ మాటలో తగ్గింపును కలదు, ఆదరణయు కలదు.

గోడలలో మిగులునది

లేవీయకాండము 14వ అధ్యాయములో ఒక వింతైన శాసనము కలదు. ఇంటి గోడకు పొడ పట్టినయెడల, యజమానుడు యాజకునికి తెలుపవలెను. యాజకుడు చూచి, ఏడుదినములు ఇల్లు మూసి, మరల చూచి, చెడిన రాళ్లను ఊడదీయించి, గోడలు గీకించి, కొత్త అడుసు పూయింపవలెను. అప్పటికిని మానకపోయినచో ఇంటినే పడగొట్టవలెను. మనుష్యుని పొడవంటిదే గోడకును పట్టునని దేవుని ధర్మశాస్త్రము ఎంచెను. ఒకడు విడిచిపోయినది తరువాతివానికి అంటును.

త్రాగుబోతు తండ్రి గట్టిగా అరచిన ఇంటిలో పిల్లలు ఎట్లు పెరుగుదురో, అప్పులు మిగిల్చిపోయినవాని గుమ్మముయొద్ద తరువాతివాడు ఎట్టి మాటలు పడునో అందరికిని తెలిసినదే. పొరుగువారు కొత్తగా వచ్చినవారిని, మీరును అట్టివారేనా అని అనుమానముగా చూతురు. దానికి ప్రతిగా, దినదినము సాయంకాలమున కుటుంబప్రార్థన జరిగిన ఇంటిని గూర్చి ఇరుగుపొరుగులు ఏండ్ల తరువాత కూడ చెప్పుకొందురు. అచ్చట తెలుగువారుండిరి, పాటలు పాడెడివారు, ఎవరికి జబ్బు చేసినను వచ్చెడివారు అని. సున్నము వేసినచో మేకు గురుతులు పోవును. సాక్ష్యము పోదు, చెడ్డ సాక్ష్యమును పోదు.

ఇల్లు విడుచు దినము

ఇక మిక్కిలి బరువైన సంగతి. ముప్పది, ముప్పదియైదు సంవత్సరములు కొలిమియొద్ద చెమటోడ్చిన కార్మికునికి పనివిరమణ దినము వచ్చును. పూలదండ వేయుదురు, ఫోటో తీయుదురు. మరికొన్ని నెలలకు ఇల్లు విడువవలెను. పిల్లలు పుట్టినది ఆ ఇంటిలో. కుమార్తెను అత్తవారింటికి సాగనంపినది ఆ గుమ్మమునుండి. తల్లియో తండ్రియో కన్నుమూసినది ఆ గదిలో. స్వగ్రామమున వంతునకు వచ్చిన గది పాడుపడియుండును. అన్నదమ్ముల బిడ్డలు వృద్ధుని ముఖమును ఎరుగరు. కుమారుడు బెంగళూరులోనో హైదరాబాదులోనో రెండుగదుల ఇంటిలో నుండును. 1990వ దశకము తరువాత యంత్రములు పెరిగి, ముందస్తు విరమణ పథకములచేత కర్మాగారపు ఉద్యోగుల సంఖ్య దాదాపు సగమునకు తగ్గెను. అట్లు అనేక కుటుంబములకు ఈ దినము అనుకొనినదానికంటె ముందుగానే వచ్చెను. ఈ వృద్ధ దంపతుల కన్నీరు చిన్నది కాదు. దానిని లోకాశ అని కొట్టివేయు బోధకుడు బేతనియ సమాధియొద్ద కన్నీరు విడిచిన ప్రభువును సరిగా చూడనివాడు.

లేఖనములు ఇట్టివారికి ముగ్గురు తోడునివ్వగలవు. మొదట అబ్రాహాము. కనాను దేశమంతయు వాగ్దానముగా పొందినవాడు తన జీవితమంతయు గుడారములలోనే గడపెను. అతడు వెలయిచ్చి కొనిన నేలను గూర్చి ఆదికాండము విపులముగా చెప్పునది ఒక్కటే. అది శారాను పాతిపెట్టుటకు హిత్తీయుడైన ఎఫ్రోనుయొద్ద నాలుగువందల తులముల వెండికి కొనిన మక్పేలా పొలము (ఆదికాండము 23). సమాధికి మించి స్వంత నేల లేనివాడు విశ్వాసులకు తండ్రి యాయెను. దేవుడు కట్టిన పునాదులుగల పట్టణము అతని చూపులో నుండుటయే దానికి కారణమని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయము తెలుపుచున్నది.

రెండవవారు షూనేమీయురాలు. ఆమె ఎలీషా కొరకు మేడమీద గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపము అమర్చిన ఇల్లాలు. కరవు రాగా ఆ ఇంటినే విడిచి ఏడు సంవత్సరములు ఫిలిష్తీయుల దేశమున నుండెను. తిరిగివచ్చునప్పటికి ఇల్లును పొలమును పరుల వశమాయెను. ఆమె రాజునొద్ద మొరపెట్టుకొనిన గడియలోనే, ఎలీషా ఆమె కుమారుని బ్రదికించిన సంగతి రాజునకు వినిపింపబడుచుండెను (2 రాజులు 8:1–6). ఆమె ఒకనాడు దైవజనునికిచ్చిన గదిని దేవుడు మరువలేదు. ఇల్లు విడిచినవారి ఆతిథ్యము ఇంటితోకూడ పోదు.

మూడవవాడు పౌలు. అపొస్తలుల కార్యముల గ్రంథము ఆలయములో గాని, రాజనగరులో గాని ముగియలేదు. రోమాలోని ఒక అద్దెయింటిలో ముగిసెను. కాపలాసైనికుడు ప్రక్కనుండగా, పౌలు రెండు సంవత్సరములు ఆ ఇంట నుండి, వచ్చినవారినందరిని చేర్చుకొని, దేవుని రాజ్యమును ప్రకటించెను. ఆ ఇంటి యజమానుడెవరో, పౌలు తరువాత అందులో ఎవరు కాపురముండిరో ఎవరును ఎరుగరు. అయినను అద్దెయింటి గుమ్మమునుండి బయలుదేరిన సువార్త లోకాంతములకు పోయెను. దేవుని పనికి స్వంత ఇల్లు అవసరము లేదు, తెరచిన తలుపు చాలును.

చేయవలసినవి

ఈ సత్యము మాటలలోనే నిలిచిపోరాదు. ఇంకను క్వార్టరులోనో అద్దెయింటిలోనో ఉన్న విశ్వాసి, తరువాత వచ్చువాడు తన సహోదరుడన్నట్లు ఇంటిని కాపాడవలెను. కారు కుళాయిని బాగుచేయించుటయు, గోడకు సున్నము వేయించుటయు భక్తిలోని భాగములే. విడుచుటకుముందు పొరుగువారితోనున్న మనస్పర్థలను సరిచేసికొనవలెను. పచారికొట్టు లెక్క, పాలవాని లెక్క తీర్చవలెను. పనివిరమణకు ఇంకను సంవత్సరములున్నవారు పింఛను, ప్రావిడెంటు ఫండు సొమ్మును ఒక్క పెండ్లితోనే ఊడ్చివేయక, వృద్ధాప్యపు గూటికొరకు జ్ఞానముతో సిద్ధపడవలెను. ఏడు సమృద్ధి సంవత్సరములలో ధాన్యము కూర్చిన యోసేపు విశ్వాసహీనుడు కాడు.

కుమారులును కోడండ్రును వృద్ధులు ఇల్లు విడిచి వచ్చు దినమున వారిని భారముగా కాక ఆశీర్వాదముగా చేర్చుకొనవలెను. ఇల్లు పోయినవారికి కుమారుని ముఖములో కూడ గుమ్మము మూయబడినయెడల వారు ఎచ్చటికి పోదురు? సంఘమునకును విధి కలదు. ముప్పది సంవత్సరములు కానుకలిచ్చి, బల్లలు మోసి, ఆదివారపు బడి నడపిన కుటుంబము వెడలుచున్నప్పుడు, ఒక ప్రార్థనతోను ఒక శాలువాతోను చేతులు కడుగుకొనరాదు. వారు పోవు ఊరిలోని సంఘమునకు ఉత్తరము వ్రాసి అప్పగింపవలెను. ఫీబేను రోమా సంఘమునకు అప్పగించిన పౌలు ఇందుకు మాదిరి.

తండ్రి ఇల్లు

ప్రియ చదువరీ, నీవు నివసించు ఇల్లు స్వంతమైనను, అద్దెదైనను, కంపెనీదైనను, నీ శరీరమను ఇల్లు మాత్రము నిశ్చయముగా కౌలుదే. దానికి గడువు కలదు, కాని ఆ తేదీ కాగితముమీద నీకు చూపబడలేదు. ఈ గుడారము సడలిపోయినను, చేతిపని కాని నిత్యమైన నివాసము పరలోకమందు కలదని అపొస్తలుడు కొరింథీయులకు తెలిపెను. లోకములో తలవాల్చుటకు స్థలము లేకుండిన ప్రభువే తండ్రి ఇంట అనేక నివాసములున్నవని చెప్పి, స్థలము సిద్ధపరచుటకు ముందుగా వెళ్లెను. ఆ ఇంటిలో పేరుపలకలు మార్చబడవు. అచ్చట ముందు నివాసి వెడలిపోయినందున వెనుకటివానికి చోటు దొరకుట అనునది లేదు, అందరికిని చోటు కలదు.

అంతవరకు చేతిలోనున్న తాళపుచెవిని నమ్మకముగా పట్టుకొనుము. గదులను శుభ్రముగా ఉంచుము. తలుపును తెరచియుంచుము. పెరటిలో ఒక చెట్టు నాటుము, దాని ఫలమును నీవు తినకపోయినను వచ్చువాని బిడ్డలు తిందురు. అప్పగింపవలసిన దినమున చేయి వణకవచ్చును, కన్ను చెమర్చవచ్చును, అది పాపము కాదు. పిడికిలి మాత్రము బిగింపకుము. దావీదు తాళపుచెవి గలవాడు ఎదుట నిలిచియున్నాడు. ఆయన తీయు తలుపును ఎవడును వేయలేడు.